డాక్టర్ హులూసీ బెహ్చెట్

రక్తనాళాలకు వాపు తెచ్చి, మానినట్లే మాని మరల తిరగబెట్టే ఒక చిత్రమైన వ్యాధికి బెహ్చెట్ వ్యాధి అని ప్రపంచమంతటా పేరు. ఆ పేరు ఇస్తాంబుల్ నగరపు చర్మవైద్యుడు హులూసీ బెహ్చెట్‌ది. మన విద్యార్థులు ఇబ్నె సీనా పేరు విని ఉంటారు గాని, గత శతాబ్దపు ఈ వైద్యుని గురించి విన్నవారు తక్కువ.

హులూసీ 1889 ఫిబ్రవరి 20న ఇస్తాంబుల్‌లో జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. తండ్రి వ్యాపారరీత్యా బాల్యం కొంతకాలం డమాస్కస్‌లో గడిచింది. ఫ్రెంచి, జర్మన్, లాటిన్ భాషలు అభ్యసించారు. 1910లో, 21వ ఏట, సైనిక వైద్య విద్యాలయం నుండి పట్టభద్రులై, చర్మవ్యాధులలోను సుఖవ్యాధులలోను ప్రత్యేక శిక్షణ పొందారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఎదిర్నే సైనిక ఆసుపత్రిలో పనిచేశారు. తరువాత బుడాపెస్టు, బెర్లిన్ నగరాలలో విద్యను మెరుగుపరచుకొని 1919లో స్వదేశం చేరారు. 1933లో ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం పునర్వ్యవస్థీకృతమైనప్పుడు చర్మవ్యాధుల శాఖను నెలకొల్పినది ఆయనే. మరుసటి ఏడు ఇంటిపేర్ల చట్టం రాగా, తండ్రి పేరైన బెహ్చెట్‌నే ఇంటిపేరుగా స్వీకరించారు.

ఆయన కీర్తికి మూలం ముగ్గురు రోగులు. మొదటివాడు 1924-25 ప్రాంతంలో వచ్చాడు. ఏళ్ల తరబడి ఇస్తాంబుల్‌లోను, వియన్నాలోను వైద్యుల చుట్టూ తిరిగినవాడు. కొందరు దానిని సవాయి అన్నారు, కొందరు క్షయ అన్నారు. నోటిపూత, జననాంగాలపై పుండ్లు, కంటిలో వాపు. ఇవి తగ్గడం, మరల రావడం. చివరకు అతని చూపే పోయింది. 1930లో ఇవే లక్షణాలతో ఒక స్త్రీ, 1936లో దంతవైద్యశాల నుండి మరొక పురుషుడు వచ్చారు. నోటిని ఒక వైద్యుడు, కంటిని మరొకరు వేరువేరుగా చూస్తున్నంతకాలం వీటి చుట్టరికం బయటపడేది కాదు. సవాయి రోగంపై ఎంతో కృషి చేసిన నిపుణుడు గనుక, ఇది సవాయి కాదని చెప్పగల అధికారం బెహ్చెట్‌కు ఉంది. ఇది ప్రత్యేకమైన వ్యాధి అని 1937లో ఒక జర్మన్ చర్మవైద్య పత్రికలో ప్రకటించారు. దీనికి వైరస్ కారణమని ఆయన చేసిన ఊహ మాత్రం ఇప్పటికీ రుజువు కాలేదు. గ్రీకు కంటివైద్యుడు అడమాంటియాడిస్ 1931లోనే ఇటువంటి రోగిని వర్ణించి ఉన్నాడు. కొన్ని చోట్ల ఇద్దరి పేర్లనూ కలిపి వాడడం న్యాయమే.

స్వనగరంలోని కంటివైద్యులే మొదట దీనిని అంగీకరించలేదు. యూరపులోని ఇతర దేశాల నుండి ఇట్టి రోగుల వార్తలు వచ్చిన పిమ్మటనే సందేహాలు సడలాయి. 1947లో జెనీవా వైద్య మహాసభలో, జ్యూరిచ్ ఆచార్యుడు మీషర్ సూచనపై, వ్యాధికి ఆయన పేరు పెట్టారు. 1948 మార్చి 8న ఆయన గుండెపోటుతో మరణించారు.

ఆయన చెప్పిన మూడు లక్షణాలలో రక్తపు గడ్డ లేదు. అయితే ఈ వ్యాధిలో ప్రాణాపాయం తెచ్చేది తరచు పెద్ద రక్తనాళాలకు సోకే వాపే. కాళ్లలో, కాలేయంలో, మెదడులో సిరలు గడ్డలతో పూడుకుపోతాయి. యువకులలో ఇది ఎక్కువ. గాయమైనప్పుడు త్రాంబిన్ అనే ప్రోటీను, రక్తంలోని ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మార్చి రక్తస్రావాన్ని ఆపుతుంది. పని తీరిన తరువాత ప్లాస్మిన్ ఆ దారాలను కరిగిస్తుంది. ఈ రోగులలో రెచ్చిపోయిన తెల్లకణాలు ఫైబ్రినోజెన్‌ను ఆక్సీకరణకు గురిచేసి దాని నిర్మాణాన్నే మారుస్తాయని, అట్టి దారాలు ప్లాస్మిన్‌కు సులభంగా లొంగవని ఫ్లారెన్సు పరిశోధకులు 2016లో చూపారు. కనుకనే వైద్యులు రక్తాన్ని పలుచన చేసే మందులకంటె వాపును అణచే మందులనే ముందుగా ఆశ్రయిస్తారు. ఊపిరితిత్తుల ధమని ఉబ్బి ఉన్న సంగతి గమనించక పలుచన చేసే మందు ఇస్తే, ఆ ధమని చిట్లి, దగ్గులో రక్తం పడి రోగి మరణించే ప్రమాదం ఉంది.