రహీమ్ సాబ్: బడి పంతులు నుంచి ఆసియా స్వర్ణం దాకా

‘మైదాన్’ సినిమా చూసిన మీ పిల్లలు, ఈ రహీమ్ సాబ్ నిజంగా మన హైదరాబాద్ మనిషేనా అని అడిగితే అవునని చెప్పండి. సినిమాలో చూపించింది ఆయన జీవితంలో కొంతే.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. చదువయ్యాక టీచర్ ఉద్యోగంలో చేరారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాక, చివరిదాకా ఆ బాధ్యత మోశారు.

కోచ్‌గా కూడా ఆయన పంతులే. కుర్రాళ్లకు బలహీనంగా ఉండే కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకుని తిప్పకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి అనే షరతుతో ఇంకొన్ని పోటీలు. ఒక్కడు గొప్పగా ఆడితే చాలదు, పదకొండు మందీ కలిసి ఆడాలి, ఇదే ఆయన పాఠం.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కొత్త కోచ్‌గా వచ్చారు. మొదటి సీజన్‌లోనే ఆ జట్టు డ్యూరాండ్ కప్పు, ముంబైలో రోవర్స్ కప్పు రెండూ గెలిచేసింది. రోవర్స్‌నైతే 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. కోల్‌కతా క్లబ్బుల హవా నడిచే రోజుల్లో మన పోలీసు జట్టు అంటే అందరికీ హడల్.

భారత జట్టు బాధ్యత కూడా ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో పెద్ద దెబ్బ తగిలింది. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి. అప్పటికి మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడేవారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. రహీమ్ సాబ్ కుంగిపోలేదు, జట్టును మళ్లీ కట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఆసియాలో ఏ దేశమూ అంతకుముందు అక్కడిదాకా వెళ్లలేదు. చివరికి నాలుగో స్థానం దక్కింది.

1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడా ఉన్నారు. కానీ ఒక్క మ్యాచ్‌లోనూ బరిలోకి దిగలేదు. జట్టు ముందు కొడుకైనా ఒకటే.

ఇక 1962 జకార్తా. అప్పటికే రహీమ్ సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాతి మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతన్ని పక్కన కూర్చోబెట్టేవారు. రహీమ్ సాబ్ మాత్రం ముందు వరసలో గోల్స్ కొట్టే పని అప్పగించారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటారు.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ అదే కొరియా. రాజకీయ గొడవల వల్ల స్టేడియం అంతా మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నారు. పీకే బెనర్జీ ఒక గోల్, కుట్లు పడిన తలతోనే జర్నైల్ మరో గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీమ్ సాబ్ కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు మాత్రమే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఆయన పాఠాలకు పెద్ద స్టేడియం అక్కర్లేదు. ఒక బంతి, కాస్త ఖాళీ జాగా, ఓపికగా నేర్పే మనిషి ఉంటే చాలు. సాయంత్రం మీ అబ్బాయి గల్లీలో బంతి తన్నుతుంటే, ఒక్కసారి ఎడమ కాలితో ఆడమని చెప్పి చూడండి.