పట్టుకోవలసినది, విడువవలసినది

ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో, పెన్నా ఒడ్డున, పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ దానిని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య గార్లు దానిని నెలకొల్పినవారు. వారి పేర్లు చెప్పుకొనేటప్పుడు, ఆశ్రమానికి 13 ఎకరాల భూమి ఇచ్చిన పొణకా కనకమ్మ గారిని మరువకూడదు.

కనకమ్మ గారు 1892లో మినగల్లులో పుట్టారు. పసితనంలోనే పెండ్లి చేసి పొట్లపూడి పొణకా వారింటికి పంపారు. కలిగిన కుటుంబమే, కాని ఆమెకు బడి చదువు అందలేదు. తన పెండ్లి ఎప్పుడు జరగాలో, తాను ఏ ఇంట బ్రతకాలో నిర్ణయించుకొనే అవకాశం ఆమెకు రాలేదు. ఆ రోజులలో ఆడపిల్లల బ్రతుకు అటువంటిది.

తన చేతిలో లేనిదానిని తలచుకొంటూ ఆమె కాలం గడపలేదు. తన చేతిలో ఉన్నది గట్టిగా పట్టుకొన్నారు. ఇంటివద్దనే పుస్తకాలు చదివి, స్వయంకృషితో పండితులు మెచ్చే తెలుగు నేర్చుకొన్నారు, పద్యాలు వ్రాశారు. పొట్లపూడిలో గ్రంథాలయం నెలకొల్పడానికి పూనుకొన్నారు. 1923లో నెల్లూరులో బాలికలకోసం కస్తూరీదేవి విద్యాలయాన్ని స్థాపించారు. తనకు దక్కని చదువు ఇతరుల బిడ్డలకు దక్కాలన్న పట్టుదల ఆ పనిలో కనిపిస్తుంది. 1929లో గాంధీజీ నెల్లూరు వచ్చినపుడు ఆ విద్యాలయ భవనానికి శంకుస్థాపన చేశారు.

ఇంత పట్టుదల గల మనిషి విడువవలసి వచ్చినపుడు విడిచారు. ఎకరాలకు ఎకరాలు భూమి ఇచ్చారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ఇంటి సుఖాన్ని విడిచి జైలుకు వెళ్లారు. భూమి, సుఖం ఆమె ఇష్టపడి ఇచ్చినవి.

ఇష్టపడకుండా విడువవలసి వచ్చినది మరొకటి ఉంది. ఆమెకు ఒక్కతే కుమార్తె, వెంకటసుబ్బమ్మ. ఆ బిడ్డ తల్లికంటే ముందే కన్నుమూసింది. ఇటువంటి చోట ఏ పట్టుదలా పనికిరాదు. కనకమ్మ గారు తిరువణ్ణామలైలోని రమణ మహర్షి సన్నిధిలో ఊరట వెదికారు. ఆమెది మన విశ్వాసం కాదు. అయినా బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖం ఏ విచారణలోనైనా ఒక్కటే.

1963లో ఆమె మరణించారు. ఆమె స్వీయచరిత్ర కనకపుష్యరాగం అచ్చులో వెలువడినది 2011లో, అంటే దాదాపు అర్ధ శతాబ్దం తరువాత. తన జీవితకథ పాఠకుల చేతికి చేరడం ఆమె చూడలేదు. వ్రాయడం ఆమె చేతిలోని పని, వ్రాశారు. తక్కినది కాలానికి వదిలారు.

మన కుటుంబాలలో చిక్కు తరచు ఇక్కడే వస్తుంది. కుమారుడు ఏ చదువు చదవాలో, కుమార్తె ఏ సంబంధం చేసుకోవాలో, కోడలు ఇంట్లో ఎలా మెలగాలో అన్నీ మన చెప్పుచేతలలోనే జరగాలంటాం. అది సాగకపోతే విసిగి, మాకేమీ పట్టదని చేతులు దులుపుకొంటాం. మొదటిది పెత్తనం, రెండవది నిర్లక్ష్యం. రెంటిలోనూ నష్టపోయేది బిడ్డలే. బిడ్డలను చదివించడం, మంచి చెడు చెప్పడం, వారికోసం ప్రార్థించడం మన పని. దానిని విడువరాదు. వారు పెద్దవారై ఎన్నుకొనే దారి మాత్రం వారిది. రైతు దున్నుతాడు, విత్తుతాడు, నీరు పెడతాడు. మొలకను చేతితో పైకి లాగడు.

కనకమ్మ గారు భూమి ఇచ్చారు గనుక ఆశ్రమానికి చోటు దొరికింది. పట్టు విడువలేదు గనుక బాలికలకు బడి వచ్చింది. ఈ వారం ప్రతి తల్లీ తండ్రీ కొంతసేపు కూర్చుని, తాము పట్టుకొన్న వాటిలో ఏది బాధ్యతో, ఏది భయమో విడదీసి చూసుకొంటే ఇంటికి మేలు.