పంతులుగారి తర్కం

1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పుట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుగారిని సంఘసంస్కర్తగా అందరమూ ఎరుగుదుము. ఆయన తెలుగులో తర్కశాస్త్రంపై పుస్తకం రాశారన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

1879లో ఆయన వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని ఉపన్యసించారు. జాలిమాటలతో సరిపెట్టలేదు. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు అంతకుముందే వేసిన బాట అది. కలియుగానికి ప్రమాణం పరాశరస్మృతి. భర్త చనిపోయిన స్త్రీకి ఆ స్మృతి మరో వివాహాన్ని అనుమతిస్తోంది. కాబట్టి ఆ పెళ్లి అధర్మం కాదు. మొదటి రెండు మాటలూ ఒప్పుకున్నవారు మూడోదాన్ని కాదనలేరు. అందుకే ఈ వాదం గిట్టనివారు రెండో మాటను పట్టుకునేవారు. ఆ శ్లోకం నిశ్చితార్థం మాత్రమే అయిన కన్యను గురించినదని వారి అర్థం. గొలుసు తెంచాలంటే ఏదో ఒక కొక్కెం దగ్గరే తెంచాలి కదా! పునీత తోమాసు అక్వినాసుగారు సైతం ప్రతి ప్రశ్నలోనూ ఎదుటివారి ఆక్షేపణలను ముందు పేర్చి, ఆ తరువాతే జవాబు చెప్పేవారు.

అయితే వాదంలో నోరు మూతపడినంత మాత్రాన మనసు మారదు. అనుమతి ఉన్నంత మాత్రాన ఊరు ఊరుకోదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వెలి భయంతో వంటవారు, నీళ్లు మోసేవారు ముఖం చాటేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె పట్టుకుని గోదావరికి వెళ్లి, తానే నీళ్లు మోసి పెళ్లివంట చేశారు.