లెక్కల ప్రొఫెసర్ కర్వే

మహర్షి కర్వే పేరు మనలో చాలామంది విన్నదే. 1916లో మహిళా విశ్వవిద్యాలయం స్థాపించి, 1958లో భారతరత్న అందుకున్న పెద్దమనిషి. ఆయన పెద్ద కొడుకు రఘునాథ్ ధోండో కర్వే మహారాష్ట్రలో అంతే ప్రసిద్ధుడు. మనవైపే ఆయన్ని తలచుకునేవాళ్ళు తక్కువ.

రఘునాథ్ 1882 జనవరి 14న పుట్టాడు. తొమ్మిదేళ్ళ వయసులో, 1891లో, తల్లి రాధాబాయి కాన్పు కష్టమై కన్నుమూసింది. పిల్లవాడు చదువులో దిట్ట. 1899 మెట్రిక్యులేషన్‌లో ప్రథముడు. పూనా ఫెర్గూసన్ కాలేజీలో బి.ఎ. పూర్తిచేసి, బొంబాయి విల్సన్ కాలేజీలో లెక్కల ప్రొఫెసరయ్యాడు. పై చదువుకు పారిస్ కూడా వెళ్ళొచ్చాడు. లెక్కలతోనే సరిపెట్టుకుని ఉంటే జీవితం హాయిగా గడిచిపోయేది.

1921లో ఆయన బొంబాయిలో సంతాన నియంత్రణ కేంద్రం తెరిచాడు. మన దేశంలో అదే మొదటిది. లండన్‌లో మేరీ స్టోప్స్ క్లినిక్ వెలిసిందీ ఆ ఏడాదే! మిషనరీల యాజమాన్యంలోని కాలేజీ వారికి ఈ ప్రచారం మింగుడుపడలేదు. రాజీనామా చెయ్యమన్నారు. ఆయన ఉద్యోగం వదులుకున్నాడు గాని ప్రచారం వదల్లేదు. భార్య మాలతి, ఆయన కలిసి తమకు పిల్లలు వద్దనుకున్నారు.

జనాభా తగ్గించడం ఒక్కటే కాదు ఆయన ధ్యేయం. ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో తేల్చుకునే హక్కు స్త్రీకి ఉండాలన్నాడు. గాంధీగారు ఇంద్రియ నిగ్రహమే దారి అంటే, అది మామూలు సంసారులకు సాగేది కాదని కర్వే వాదించాడు. మా నాయనమ్మ పదిమందిని కన్నది, నలుగురు దక్కారు. ఆమె ఇష్టం ఎవరడిగారు? ఇప్పటికీ మా ఊళ్ళో ఆపరేషన్ అంటే ఆడవాళ్ళదే. మగవాళ్ళకు చేసేది ఇంకా చిన్నదని మా జువాలజీ పుస్తకంలోనే ఉంది. అయినా మగాడికి బలం తగ్గిపోతుందట, పొలం పని చెయ్యలేడట! నాట్లు వేసే ఆడదానికి బలం అక్కర్లేదు కాబోలు.

1927 జూలైలో 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ మాసపత్రిక మొదలుపెట్టాడు. సుఖవ్యాధులు, గర్భనిరోధం, దాంపత్య సమస్యలు, ఏదీ దాచకుండా రాసేవాడు. అశ్లీలమంటూ కేసులు పెట్టారు. 1934 నాటి కేసులో ఆయన తరఫున వాదించింది డాక్టర్ అంబేద్కర్. పాఠకులు సందేహం అడిగితే జవాబివ్వడం నేరమెలా అవుతుందన్నది ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు. 200 రూపాయల జరిమానా పడింది. జరిమానా కట్టి, కర్వే మళ్ళీ పత్రిక పనిలో పడ్డాడు.

1952లో భారత ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ కార్యక్రమం చేపట్టింది. ఎమర్జెన్సీలో, 1976 నాటికి, అది కోటాలు పెట్టి బలవంతపు ఆపరేషన్లు చేసేదాకా పోయింది. అది చూడటానికి కర్వే లేడు. 1953 అక్టోబరు 14న కన్నుమూశాడు. ఆ నవంబరు సంచికతో పత్రికా ఆగిపోయింది.