కొట్టారి కనకయ్యనాయుడుగారు

వరికోతలు ముగిసి కుప్పలు లేచిన పిమ్మట బందరు చుట్టుపట్లను, గుడివాడ ప్రాంతమునను, దివిసీమ గ్రామములలోను ఎండిన పొలములందు బాలురు తాటిమట్టలు చేతబట్టి క్రికెట్టు ఆడుచుండుట మనమందరము ఎరిగినదే. ఆ బాలురలో పెక్కురు సి. కె. నాయుడుగారి పేరు వినియుందురు గాని, ఆ రెండక్షరముల వెనుకనున్న పేరును ఎరుగరు. ఆయన కొట్టారి కనకయ్యనాయుడుగారు. ఆ కొట్టారివారి పూర్వస్థానము మచిలీపట్టణము. భారతదేశపు జట్టు ఆడిన మొట్టమొదటి టెస్టు ఆటకు నాయకత్వము వహించినవారి వంశము మన పట్టణమునకు చెందినదగుటచే ఆయన జీవితమును, అందును ముఖ్యముగా లోకమాయనను ఎరుగక పూర్వపు సంవత్సరములను, ఇచ్చట వ్రాయ దలచితిమి.

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. ఆయన బందరులో పుట్టలేదు. 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. వారి కుటుంబమంతకు పూర్వమే ఆ నగరమున స్థిరపడియుండెను. తాతగారైన నారాయణస్వామినాయుడుగారు అచ్చట న్యాయవాదులు, భూవసతి గలవారు. తండ్రిగారైన సూర్యప్రకాశరావునాయుడుగారు కేంబ్రిడ్జికి పోయి న్యాయశాస్త్రము చదివి వచ్చిరి. కుమారునికి క్రికెట్టునందు అభిరుచి ఇంటనే కలిగెనని చెప్పుదురు. కావున కనకయ్యనాయుడుగారు మన కృష్ణనీరు త్రాగి పెరిగినవారని చెప్పుట అసత్యమగును. పుట్టినది నాగపురమున, కీర్తి గడించినది బొంబాయిలో, కొలువు చేసినది ఇందూరులో. మనకు మిగిలినది ఆ ఇంటిపేరు మాత్రమే. అంతకుమించి హక్కు చెప్పుకొనుట మాకు న్యాయముగా తోచదు. ఆ మాత్రమైనను చెప్పుకొనక విడిచిపెట్టుటకు మనసొప్పదు.

ఆయన చదివిన పాఠశాలను గూర్చి మన విద్యార్థులకు తెలుపుట సంతోషకరము. అది నాగపురమునందలి హిస్లాప్ మిషను పాఠశాల. స్టీఫెన్ హిస్లాప్ దొరగారు స్కాట్లండు దేశపు మిషనరీ. బోధనతోపాటు రాళ్లను, ఖనిజములను పరిశోధించిన పండితుడు. 1863వ సంవత్సరమున ఒక యేటిలో మునిగి మరణించెను. మన బందరులో రాబర్టు నోబుల్ దొరగారు 1843వ సంవత్సరమున పాఠశాల స్థాపించిన దశాబ్దముననే ఆయన నాగపురమున పని ఆరంభించెను. ఇట్టి పాఠశాలలలో పుస్తకముతోపాటు ఆటస్థలమునకును ఒక గంట కేటాయించెడివారు. కొందరు తలిదండ్రులు ఆ గంటను వృథా కాలమని తలంచుట ఇప్పటికిని కద్దు. కనకయ్య చిన్ననాడే పాఠశాల జట్టులో చేరెను.

ఆ కాలమున మన దేశమునకంతటికిని ఒక జట్టనునది లేదు. ఉన్న గొప్ప పోటీ బొంబాయివారిది. అందు జట్లు ఊరినిబట్టి గాక మతమునుబట్టి యేర్పడెను. 1892 మొదలు ఐరోపావారును పారసీకులును ఏటేట ఆడుచుండగా 1907లో హిందువుల జట్టును, 1912లో మహమ్మదీయుల జట్టును చేరెను. దేశీయ క్రైస్తవునకు అందు చోటు లేదు. 1937లో ఇతరులని పేరుపెట్టి అయిదవ జట్టును చేర్చిన పిమ్మటనే మనవారికి ప్రవేశము కలిగెను. ఆ జట్టు పక్షమున ఆడిన విజయ హజారేగారు క్రైస్తవులు. 1943లో హిందువులపై జట్టు చేసిన 387 పరుగులలో ఆయన ఒక్కరే 309 చేసిరి. హిందువుల జట్టులోనైనను అందరికిని సమానమైన గౌరవము లేకుండెను. దళిత కులమున పుట్టిన పల్వంకర్ బాలుగారు ఆ జట్టుకు గొప్ప బౌలరైయుండియు నాయకత్వమునకు నోచుకొనలేదు. ఆయన తమ్ముడు విఠల్‌గారికి 1923లో ఆ గౌరవము దక్కెను. ఆటలో ఎవడు ముందు నడువవలెను, నేర్పుగలవాడా, పుట్టుకగలవాడా అను ప్రశ్న ఈ విధముగా మొదటినుండియు ఉండెను. నాయుడుగారి జీవితమంతయు ఆ ప్రశ్నతో ముడిపడియున్నది.

1916వ సంవత్సరమున, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, ఆయన ఈ పోటీలో హిందువుల పక్షమున ఐరోపావారిపై తొలిసారి ఆడిరి. ఆయనను బ్యాటు పట్టుటకు తొమ్మిదవవానిగా ఉంచిరి. ఆయన లోపలికి వచ్చునప్పటికి జట్టు 79 పరుగులకు ఏడుగురిని పోగొట్టుకొని చిక్కులో నుండెను. క్రొత్తవాడు, చుట్టును పెద్దవారు, పడిపోవుచున్న జట్టు. మూడు బంతులను నెమ్మదిగా అడ్డగించిరి. నాలుగవ బంతిని మైదానపు హద్దు మీదుగా కొట్టిరి. పెద్ద ఆటలలో ఆయన చేసిన మొదటి పరుగులు ఆ ఆరే. మొదటి మూడు బంతులను గూర్చి ఎవరును అంతగా చెప్పుకొనరు గాని, మా మట్టుకు అవియును గమనింపదగినవే యని తోచుచున్నది.

ఆ పిమ్మట పదియేండ్లు గడచెను. ఒక ఆటగానికి ఇరువదియొకటవ యేటినుండి ముప్పదియొకటవ యేటివరకు గల కాలము ఎట్టిదో ఆలోచింపుడు. అదియే దేహబలము పరిపూర్ణముగా ఉండు కాలము. ఆ కాలమంతయు నాయుడుగారికి విదేశపు జట్టుతో టెస్టు ఆడు అవకాశమే లేకుండెను. ఏటేట బొంబాయి పోటీలోను, చెన్నపట్టణమున సంక్రాంతి దినములలో ఐరోపావారితో జరుగు ఆటలలోను ఆడుచుండిరి. చేపాకు మైదానమునుండి ఆయన కొట్టిన బంతి యొకటి అవతలనున్న కొబ్బరిచెట్టు దగ్గర పడెనని చెన్నపట్టణమువారు చిరకాలము చెప్పుకొనిరి. ఆయన ఆరడుగులకు మించిన పొడగరి, చేతులు పొడుగు, బంతి నేలను తాకి లేచులోపుననే ముందుకు అడుగువేసి దానిని అందుకొని పైకెత్తి కొట్టుట ఆయన పద్ధతి. మధ్యమ వేగముతో బౌలింగును చేసెడివారు. 1923లో ఇందూరు ప్రభువైన హోల్కరు మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యమున కాప్టెను పదవి నిచ్చెను. కల్నల్ అను బిరుదు ఆ కొలువులో తరువాత వచ్చినదే.

1926వ సంవత్సరమున ఆర్థర్ గిలిగన్ గారి నాయకత్వమున ఎం. సి. సి. జట్టు ఇంగ్లండునుండి వచ్చెను. బొంబాయి జింఖానాలో హిందువులతో ఆట జరిగెను. ముందు గై ఎర్ల్ అను ఆంగ్లేయుడు ఎనిమిది సిక్సరులతో 130 పరుగులు చేసెను. డిసెంబరు 1వ తేదీన నాయుడుగారు బ్యాటు పట్టిరి. వార్త నగరమున ప్రాకి, కచేరీలలోని గుమాస్తాలు సయితము పని విడిచి వచ్చిరనియు, చోటు దొరకనివారు చెట్లెక్కిరనియు చెప్పుదురు. రెండు గంటలైనను నిండకముందే ఆయన 153 పరుగులు చేసిరి. అందు సిక్సరులు పదునొకండు. ఎం. సి. సి. వారు మెచ్చి ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి. ఈ దేశపు ఆటగాండ్రు టెస్టు ఆడదగినవారని గిలిగన్ గారు నమ్మి చెప్పుటయు, 1928 డిసెంబరులో క్రికెట్టు బోర్డు స్థాపింపబడుటయు ఈ పర్యటన ఫలములే.

1932లో భారతజట్టు ఇంగ్లండునకు పోయెను. నాయకుడు పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. జట్టులో అందరికంటె మేటి యెవరో తెలియనివారు లేరు; అయినను రాజవంశీయుడే నాయకుడుగా ఉండవలెనని అప్పటి తలంపు. పోరుబందరు మహారాజు మాత్రము తన శక్తి యెంతయో ఎరిగిన సత్పురుషుడు. ముఖ్యమైన ఆటలనుండి తానే తప్పుకొనెను. లింబ్డీవారికి గాయము తగిలెను. ఈ విధముగా లార్డ్సు మైదానమున జూన్ 25వ తేదీన ఆరంభమైన మొదటి టెస్టులో నాయకత్వము నాయుడుగారి చేతికి వచ్చెను. సామాన్యుని క్రింద ఆడుటకు కొందరు ఇష్టపడలేదనియు, మహారాజు గట్టిగా ఆజ్ఞాపించిన పిమ్మటనే లోబడిరనియు ప్రతీతి.

ఆ ఉదయమున నాయుడుగారు బంతిని మహమ్మదు నిస్సారుగారికి ఇచ్చిరి. ఇరువదిరెండేండ్లు నిండని ఈ పంజాబు యువకుడు అతివేగముగా బౌలింగు చేయువాడు. ఇంగ్లండు జట్టుకు ఆట ఆరంభించిన సట్‌క్లిఫ్, హోమ్సు లిరువురి వికెట్లను అతడు పడగొట్టెను. వూలీ పరుగెత్తుచు దొరకిపోయెను. 19 పరుగులకు ముగ్గురు! ఆ జట్టులో హిందువులు, మహమ్మదీయులు, సిక్కులు, పారసీకులు కలసియే ఆడిరి. నిస్సారుగారు మొదటి యిన్నింగ్సులో 93 పరుగులిచ్చి అయిదు వికెట్లు తీసెను. దేశవిభజన పిమ్మట ఆయన పాకిస్తానులో నిలిచిపోయి 1963లో లాహోరున మరణించెను. నాయుడుగారు బంతిని ఆపబోయి చేతికి గాయము తగిలించుకొనియు, మొదటి యిన్నింగ్సులో మన జట్టున అందరికంటె ఎక్కువగా 40 పరుగులు చేసిరి. ఆటను మనము 158 పరుగుల తేడాతో ఓడిపోతిమి.

ఆ పర్యటనలో ఆయన మొత్తము 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసిరి. ఎడ్జ్‌బాస్టనులో వార్విక్కుషైరుపై 162 చేసినప్పుడు, ఆయన కొట్టిన బంతి రీ యను యేరు దాటి ప్రక్క జిల్లాలో పడెనని చెప్పుదురు. దివిసీమ బాలురు పులిగడ్డవద్ద కృష్ణను తలచుకొని ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ యేరు మన పంటకాలువపాటిది. అయినను జిల్లానుండి జిల్లాకు కొట్టుట జరిగినదే గదా! 1933లో విజ్డెను వారు ఆయనను ఆ సంవత్సరపు అయిదుగురు మేటి ఆటగాండ్రలో ఒకనిగా ఎంచిరి.

తరువాతి కథ సంగ్రహముగా చెప్పెదము. 1933–34లో ఇంగ్లండువారితో స్వదేశమున జరిగిన మూడు టెస్టులకును ఆయనయే నాయకుడు. 1936లో మరల ఇంగ్లండునకు పోయినప్పుడు నాయకత్వమును విజయనగర మహారాజకుమారునకు ఇచ్చిరి. ఆయనయును తెలుగుదేశపు సంస్థానపు ఇంటివారే యగుట మనకు సంతోషింపదగిన విషయము కాదు. ఓవలు మైదానమున జరిగిన చివరి టెస్టులో ఆలెన్ వేసిన బంతి దేహమునకు బలముగా తగిలినను నాయుడుగారు నిలిచి 81 పరుగులు చేసిరి. ఏడు టెస్టులలో అదియే ఆయన అత్యధికము, అదియే ఆయన కడపటి టెస్టు.

టెస్టులు ముగిసినను ఆట ముగియలేదు. 1945–46లో, ఏబదియేండ్లు నిండిన పిమ్మట, రంజీ పోటీ తుది ఆటలో బరోడాపై హోల్కరు జట్టు పక్షమున 200 పరుగులు చేసిరి. 1951–52 తుది ఆటలో ఫాడ్కరుగారి బంతి నోటికి తగిలి రెండు పండ్లు ఊడగా వానిని ప్రక్కకు నెట్టి ఆట సాగించిరి. 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. ఆ 1953–54లోనే ఆంధ్రజట్టు తొలిసారి రంజీ పోటీలో దిగెను. ఏబదియెనిమిదేండ్ల కనకయ్యనాయుడుగారు పూర్వుల సీమ పక్షమున బ్యాటు పట్టి ఆ జట్టులో ఆడిరి. 1956లో పద్మభూషణ బిరుదము వచ్చెను. 1956–57లో ఉత్తరప్రదేశము పక్షమున ఆడి, అరువదియొక్కటవ యేట రంజీ పోటీనుండి విరమించి, 1967 నవంబరు 14వ తేదీన ఇందూరున పరమపదించిరి.