కార్బెట్ చేతిలో తేలిక రైఫిల్

లాప్‌టాప్ కొనేటప్పుడు మనమంతా ముందు స్పెక్స్ చూస్తాం కదా. రైఫిల్ కూడా అంతే, తూటా ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకునేవాణ్ణి. జిమ్ కార్బెట్ జీవితం చదివాక ఆ అభిప్రాయం మారింది.

ఆయన 1875లో నైనితాల్‌లో పుట్టారు. చిన్నప్పుడు దొరికిన జంట గొట్టాల తుపాకీలో ఒక గొట్టం పగిలిపోయింది. ఉన్నది ఒక్క గుండే. అది వృథా కాకూడదంటే చప్పుడు లేకుండా దగ్గరికి వెళ్లాలి. అడవి నడక ఆయనకి అలా వచ్చింది.

1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు .275 రిగ్బీ రైఫిల్ బహుమతిగా ఇచ్చారు. జర్మన్ల 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాకే అది ఇంగ్లిష్ పేరు. జింకల వేటకి సరిగ్గా సరిపోతుంది. బరువు తక్కువ, భుజానికి తగిలే దెబ్బ తక్కువ, అందుకే గురి చెదరదు. పెద్ద జంతువులకి ఆయన దగ్గర .450/400 రైఫిల్ వేరే ఉంది.

1930లో చౌగఢ్ నరభక్షక పులిని వెతుకుతూ వెళ్లిన రోజు చేతిలో ఉన్నది మాత్రం ఆ చిన్నదే. ఎడమ చేతిలో పిట్ట గుడ్లు. పక్కకి తిరిగి చూస్తే కొన్ని అడుగుల దూరంలో పులి! కుడి చేత్తోనే రైఫిల్‌ని మెల్లగా, చాలా మెల్లగా తిప్పి కాల్చారు. బరువు రైఫిల్ అయితే ఒంటి చెయ్యి ఆగేదా?

తర్వాత తర్వాత ఆయన వేట తగ్గించి కెమెరా పట్టారు. 1955లో కెన్యాలో చనిపోయారు. 1972 చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో జింకని వేటాడటం నేరం. ఇప్పుడు మనం ఎంచుకోగలిగింది ఆయన రెండోసారి ఎంచుకున్నదే.