యంత్రానికి దుభాషిని నిలిపిన జాన్ బ్యాకస్

భిన్న భాషలు మాట్లాడే ఇద్దరి నడుమ దుభాషి నిలిచి మాట కలుపుతాడు. ఉర్దూ, తెలుగు రెండూ వినవచ్చే మన గోదావరిఖనిలో ఆ పని విలువ తెలియనివారుండరు. మానవునికి, కంప్యూటరుకు నడుమ అట్టి దుభాషియే కంపైలరు. శాస్త్ర గణనకు దానిని సమర్థంగా రూపొందించిన బృందానికి నాయకుడు జాన్ బ్యాకస్.

ఆయన 1924 డిసెంబరు 3న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించారు. తరగతులకు హాజరు కానందున వర్జీనియా విశ్వవిద్యాలయం నుండి బహిష్కృతులయ్యారు. సైన్యంలో చేరి, వైద్యవిద్య ప్రారంభించి, దానినీ మధ్యలోనే విడిచారు. రేడియో మరమ్మతు నేర్చుకొంటున్నప్పుడు గణితంపై ఆసక్తి అంకురించింది. 1949లో కొలంబియా విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర పట్టభద్రులై, 1950లో ఐ.బి.ఎం. సంస్థలో ప్రవేశించారు.

ఆనాడు కంప్యూటరు చేయవలసిన ప్రతి చిన్న పనినీ యంత్ర సంకేతాలలోనే వ్రాయవలసి ఉండేది. శాస్త్రజ్ఞుడు సూత్రాన్ని గణితరీతిలో వ్రాస్తే, యంత్రమే దానిని అనువదించుకోవాలని 1953 చివర బ్యాకస్ ప్రతిపాదించారు. అట్టి అనువాదం మనిషి చేతివ్రాతంత వేగంగా నడవదని అనుభవజ్ఞులు సందేహించారు. యంత్రం నడిచే ప్రతి గంటా ఖరీదైన ఆ రోజులలో ఆ సందేహం సహజమే. కనుకనే ఆయన బృందం భాష సొగసుకంటె అనువాదపు నాణ్యతపైనే అధికంగా శ్రమించింది. ఆరు నెలలలో ముగియగలదని తలచిన పనికి మూడేళ్లకు పైగా పట్టింది. 1957 ఏప్రిల్‌లో ఐ.బి.ఎం. 704 యంత్రానికి ఫోర్ట్రాన్ కంపైలరు లభించింది.

1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 కంప్యూటరు వచ్చినప్పుడు మన విద్యార్థులు నేర్చినదీ ఫోర్ట్రానే. వాతావరణ గణనలలో అది నేటికీ వాడుకలో ఉన్నది. గ్నూ ఫోర్ట్రాన్ కంపైలరు నేడు ఉచితంగా లభిస్తుంది. అయితే కంపైలరు, దానికి తోడ్పడే లైబ్రరీలు ఒకదానికొకటి పొసగేటట్లు అమర్చుకోకపోతే, తప్పులేని ప్రోగ్రాము కూడా నడవదు. మొదట తప్పులు పట్టే అమరికతో ఫలితాన్ని సరిచూచుకొని, ఆ తరువాతనే వేగాన్ని కోరడం మంచిది.

1977లో బ్యాకస్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఆ సందర్భంగా చేసిన ప్రసంగంలో, తాము నెలకొల్పిన ప్రోగ్రామింగ్ పద్ధతిలోని లోపాలను ఆయనే విమర్శించారు. 2007 మార్చి 17న ఆరెగాన్ రాష్ట్రంలోని ఆష్లాండ్‌లో కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! హాజరు లేక చదువు పోగొట్టుకోవడం మనకు ఆదర్శం కాదు. ఒకమారు తప్పినవాడు తనకు తగిన విద్యను గుర్తించి, దానిపై ఏళ్ల తరబడి నిలిచి శ్రమించడమే ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినది.